క్రిస్మస్ తాత రాత్రిపూటే ఎందుకు వస్తాడు? కానుక వెనకున్న దానధర్మం



డిసెంబర్ రెండో వారం వచ్చేసరికి మనలో చాలామందికి ఆఫీసులో ఒక చీటీ చేతికొస్తుంది. మడత విప్పితే లోపల ఎవరో ఒక కొలీగ్ పేరు ఉంటుంది. 500 రూపాయల్లోపు ఏదైనా కొని, మన పేరు రాయకుండా వాళ్ళ డెస్క్ మీద పెట్టాలి. అదే సీక్రెట్ శాంటా. ఆ చీటీ తీసుకున్న దగ్గర్నుంచీ చాలామందికి రెండు సందేహాలు. ఒకటి, మనం హిందువులం కదా, ఇందులో పాల్గొనొచ్చా అని. రెండోది, 500లకి ఈ రోజుల్లో ఏమొస్తుంది అని.

మొదటిదానికి నా జవాబు చిన్నదే. పాల్గొనండి. సాటి మనిషికి ఒక వస్తువు ప్రేమగా ఇస్తే మీ పూజా, మీ వ్రతం, మీ ఇష్టదైవం ఎక్కడికీ పోరు. మనసొప్పకపోతే మర్యాదగా వద్దనండి, అదీ తప్పు కాదు. రెండోదానికి జవాబు మీ ఊళ్ళో ఉన్న షాపుల్ని బట్టి ఉంటుంది, నన్నడక్కండి.

నన్ను ఆలోచింపజేసేది మూడో ప్రశ్న, ఎవరూ అడగనిది. అసలు ఇచ్చేవాడి పేరు ఎందుకు దాచాలి? మామూలుగా మనం ఏదైనా ఇస్తే "ఇది నేనిచ్చింది" అని అవతలివాళ్ళకి తెలియాలనుకుంటాం. తెలియకపోతే ఇచ్చినట్టే అనిపించదు. మరి క్రిస్మస్ తాత చూడండి. అందరూ పడుకున్నాక వస్తాడు, చప్పుడు చెయ్యకుండా పెట్టి వెళ్ళిపోతాడు. పగలు వచ్చి తలుపు కొట్టి ఇవ్వచ్చు కదా? పిల్లలు ఇంకా సంబరపడతారు కూడాను. ఆ రాత్రి వెనక ఒక కథ ఉంది. అది తెలిస్తే మన భగవద్గీతలో దానం గురించి చెప్పిన ఒక మాట బాగా అర్థమవుతుంది.

మైరా పట్టణంలో ఒక కిటికీ

ఇప్పటి టర్కీ దేశంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున డెమ్రే అనే ఊరుంది. ఒకప్పుడు దాని పేరు మైరా. 4వ శతాబ్దంలో అక్కడ నికొలస్ అనే బిషప్ ఉండేవాడని క్రైస్తవ సంప్రదాయం చెబుతుంది. ఆయన గురించి రాతలో దొరికే వివరమైన కథలు ఆయన పోయిన కొన్ని వందల ఏళ్ళ తర్వాతివి. అందుకని వీటిని మనం చరిత్రగా కాకుండా, ఆ భక్తులు తరతరాలుగా గుండెల్లో పెట్టుకున్న కథగా విందాం. మన భక్తవిజయ కథలు మనం వినేదీ అలాగే కదా.

ఒక పెద్దమనిషి, ఒకప్పుడు బాగా బతికినవాడు, చితికిపోయాడు. ముగ్గురు ఆడపిల్లలు. ఆ కాలంలో, ఆ దేశంలో కట్నం లేకుండా పిల్ల పెళ్ళి జరగదు. (ఆ దురాచారం మనకొక్కళ్ళకే సొంతం కాదన్నమాట.) ఇల్లు గడవడానికి దారి లేక, చివరికి కూతుళ్ళని ఒళ్ళమ్ముకునే వృత్తిలోకి పంపడానికి కూడా ఆ తండ్రి సిద్ధపడ్డాడు. ఈ సంగతి నికొలస్ చెవిన పడింది. అతని దగ్గర తల్లిదండ్రులు వదిలి వెళ్ళిన ఆస్తి ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మనమైతే ఏం చేస్తాం? ఆ ఇంటికెళ్తాం. "అయ్యో, ఇంతవరకూ చెప్పలేదేమండీ, మేం లేమా" అంటాం. కవరు చేతిలో పెడతాం. మంచి పనే. కానీ ఆ తండ్రి ఏ ఆలోచనకి దిగజారాడో మనకి తెలుసునని ఆయనకి తెలిసిపోతుంది. ఆ తర్వాత బజార్లో మనం ఎదురుపడిన ప్రతిసారీ ఆయన తల వాలిపోతుంది. ఆ ఆడపిల్లలు జన్మంతా మన ముందు ఆ పిల్లలుగానే ఉండిపోతారు.

నికొలస్ చీకటి పడేదాకా ఆగాడు. బంగారం ఒక గుడ్డలో మూటగట్టి, కిటికీలోంచి లోపలికి విసిరేసి వచ్చేశాడు. పొద్దున్న తండ్రి చూసుకున్నాడు. ఆ బంగారంతో పెద్దమ్మాయి పెళ్ళి చేశాడు. కొన్నాళ్ళకి మళ్ళీ రాత్రి, మళ్ళీ మూట. రెండో అమ్మాయి పెళ్ళయింది. ఈసారి మాత్రం తండ్రి నిద్రపోలేదు. మూడో మూట పడిన చప్పుడు వినగానే వీధిలోకి పరిగెత్తాడు, వెంటపడి పట్టుకున్నాడు, ఎవరో చూశాడు, కాళ్ళమీద పడ్డాడు. అప్పుడు నికొలస్ కోరింది ఒక్కటే. నేను బతికున్నన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పకు అని.

తర్వాతి కాలంలో కథకి రంగులు చేరాయి. మూట కిటికీలోంచి కాదు, పొగగొట్టంలోంచి పడిందన్నారు. ఆరేసిన మేజోడులో పడిందన్నారు. యూరప్‌లో పిల్లలు మేజోళ్ళూ బూట్లూ బయట పెట్టే అలవాటుని దీనికి ముడిపెట్టి చెబుతారు. డిసెంబర్ 6 ఆయన పండుగ అయింది. 1087లో ఇటలీ నావికులు ఆయన అస్థికల్ని మైరా నుంచి బారీ నగరానికి తీసుకెళ్ళారు. హాలెండ్ వాళ్ళ నోట్లో సింటర్‌క్లాస్ అయ్యాడు, అమెరికా చేరి శాంటాక్లాస్ అయ్యాడు. 1823 డిసెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊరి పత్రికలో ఒక పిల్లల పద్యం అచ్చయింది. ఎనిమిది రెయిన్‌డీర్లూ, పొగగొట్టం, బొజ్జ ఊగేలా నవ్వడం, అన్నీ అందులోవే. తమాషా ఏంటంటే, ఆ పద్యం కూడా రాసినవాళ్ళ పేరు లేకుండానే అచ్చయింది. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు బొమ్మలు గీశాడు. 1931 నుంచి కోకాకోలా ప్రకటనలు ఆ రూపాన్ని ప్రపంచమంతా తిప్పాయి. ఎర్రకోటు వాళ్ళే కనిపెట్టారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది నిజం కాదు. ఎర్రకోటు బొమ్మలు అంతకుముందే ఉన్నాయి.

క్రిస్మస్ కానుకలకి ఇంకో మూలం కూడా చెబుతారు. మత్తయి సువార్త 2వ అధ్యాయంలో తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ వచ్చి బాలయేసుకి బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పిస్తారు. జ్ఞానులు ముగ్గురని మనం నాటకాల్లో చూస్తాం గానీ, అక్కడ సంఖ్య చెప్పలేదు. పేర్లూ చెప్పలేదు. ఇచ్చారు, మొక్కారు, వచ్చిన దారిన కాకుండా వేరే దారిన వెళ్ళిపోయారు. కథలో మళ్ళీ కనపడరు.

రెండు కథల్లోనూ ఇచ్చినవాళ్ళు నిలబడి చూడలేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి.

పైచేయి

తెలుగులో "పైచేయి" అనే మాట ఉంది. గొడవలో ఎవరిది పైచేయి, వ్యాపారంలో ఎవరిది పైచేయి అంటుంటాం. ఈ మాటని దానం పక్కన పెట్టి చూడండి. ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునేవాడి చెయ్యి కింద ఉంటుంది. ఎవరూ ఏమీ అనక్కర్లేదు, చేతులే చెప్పేస్తాయి. పోతన భాగవతంలో వామనుడికి దానం ఇచ్చేటప్పుడు బలిచక్రవర్తి పొంగిపోయింది కూడా ఇందుకే. లక్ష్మీదేవిని తాకిన ఆ చెయ్యి కిందా, తన చెయ్యి పైనా అవుతోందే అని. బలిది గర్వం కంటే ఆశ్చర్యం అనుకోండి. మన దగ్గరికొచ్చేసరికి ఆ ఆశ్చర్యం ఉండదు, పైచెయ్యి ఒక్కటే మిగులుతుంది.

దానం చేసేవాడికి ఉన్న అసలు చిక్కు ఇదేనని నాకనిపిస్తుంది. డబ్బు లేకపోవడం కాదు. ఇచ్చిన ప్రతిసారీ అడక్కుండానే మనం ఒక మెట్టు పైకెక్కేస్తాం, అవతలి మనిషి ఒక మెట్టు దిగిపోతాడు. ఆకలి తీరుతుంది, మాట పడిపోతుంది.

గీత 17వ అధ్యాయంలో 20, 21, 22 శ్లోకాలు తీసి చూడండి. అక్కడ కృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా విడదీస్తాడు. ఇవ్వడం నా కర్తవ్యం అనుకుని, తిరిగి ఉపకారం చెయ్యలేని వాళ్ళకి, తగిన చోట, తగిన వేళ, తగిన మనిషికి ఇచ్చేది సాత్వికం. బదులు ఏదో వస్తుందనో, పుణ్యఫలం వస్తుందనో, లేదా లోపల ఏడుస్తూనో ఇచ్చేది రాజసం. వేళాపాళా లేకుండా, అర్హత చూడకుండా, మర్యాద లేకుండా, చులకన చేస్తూ ఇచ్చేది తామసం.

చాలామంది ఈ మూడింటినీ పరీక్షకి చదివినట్టు చదివేసి వదిలేస్తారు. తామస దానం దగ్గర కొంచెం ఆగండి. అక్కడ వస్తువు బాగోలేదని చెప్పలేదు. ఇచ్చిన తీరు బాగోలేదని చెప్పారు. బంగారు కడియం ఇచ్చినా, చులకనగా ఇస్తే అది తామసంలోకే పోతుంది. పండగపూట అనాథాశ్రమానికి వెళ్ళి పిల్లల్ని వరసగా నిలబెట్టి, ప్లేటు చేతికిస్తూ ఫోటో తీయించుకుంటాం. ఆ పిల్లవాడు అన్నం మీద చెయ్యి పెట్టకుండా కెమెరా వంక చూడాలి. ఆ ఫోటో మన స్టేటస్‌లో 24 గంటలు ఉంటుంది, ఆ పిల్లవాడికి ఆ నిమిషం ఎన్నేళ్ళు గుర్తుంటుందో మనకి తెలియదు. ఇక "తగిన వేళ" అన్నది నికొలస్ కథలో చూడండి. పగలు ఇస్తే సిగ్గు, రాత్రి ఇస్తే సాయం. అదే బంగారం, అదే ఇల్లు.

బదులు గురించి ఒక మాట. మన పెళ్ళిళ్ళలో చదివింపులు ఉంటాయి. ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఫలానా ఊరు, ఫలానా వారు, ఇన్ని రూపాయలు అని రాస్తాడు. వాళ్ళింట్లో పెళ్ళయినప్పుడు ఆ పుస్తకం తీసి చూసి, అంతకి తగ్గకుండా మనం చదివిస్తాం. గీత ప్రకారం ఇది సాత్వికం కాదు గానీ, దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. బ్యాంకు లోను లేని రోజుల్లో ఒక మామూలు ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి గట్టెక్కింది ఆ పుస్తకం వల్లే. క్రిస్మస్ రోజు పక్కింటి క్రైస్తవ కుటుంబం కేకూ అరిసెలూ ప్లేటులో పెట్టి పంపిస్తుంది. మన అమ్మ ఆ ప్లేటు ఖాళీగా పంపదు, కనీసం నాలుగు పలుకుల పంచదారైనా వేసి పంపుతుంది. సంక్రాంతికి మన ప్లేటు వాళ్ళింటికి వెళ్తుంది. ఇది సంబంధం. ఇచ్చిపుచ్చుకోవడం. ఇద్దరి చేతులూ ఒకే ఎత్తులో ఉంటాయి, అందుకే ఇందులో సిగ్గు లేదు. ఇది వేరు, దానం వేరు. రెండూ కావాలి. ఒకదాన్ని ఇంకోటి అనుకుంటేనే ఇబ్బంది.

ఆఫీసులో మనం ఇచ్చే కానుకలు చాలావరకు ఈ చదివింపుల జాతివే. మేనేజర్ పేరొస్తే 500 దాటినా పర్వాలేదనిపిస్తుంది, కొత్తగా చేరిన ఫ్రెషర్ పేరొస్తే 300లకి సరిపెడదాం అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు మనం మనసులో పుస్తకం తెరిచామన్నమాట.

కుచేలుడు ఖాళీ చేతులతో ఎందుకు తిరిగొచ్చాడు

ఇప్పుడు మనింటి కథకొద్దాం. కుచేలోపాఖ్యానం. భాగవతం దశమ స్కంధంలోది. అటుకుల కథ అని మనందరికీ చిన్నప్పుడే తెలుసు. కానీ చిన్నప్పుడు మనం అటుకులు చూసి, ఆ తర్వాత మేడ చూసి ఆగిపోతాం. మధ్యలో ఒక రాత్రి ఉంది.

కుచేలుడూ కృష్ణుడూ సాందీపని దగ్గర కలిసి చదువుకున్నారు. పెళ్ళాం పోరగా పోరగా కుచేలుడు ద్వారకకి బయల్దేరాడు. ఇంట్లో ఏమీ లేదు. ఆవిడే ఇరుగుపొరుగుని అడిగి నాలుగు గుప్పిళ్ళ అటుకులు తెచ్చి, చిరుగుపాత కొంగున కట్టి ఇచ్చింది. అక్కడ కృష్ణుడు ఎదురొచ్చాడు, కౌగిలించుకున్నాడు, కాళ్ళు కడిగాడు. రుక్మిణీదేవి వింజామర వీచింది. గురుకులంలో కట్టెల కోసం అడవికెళ్ళి వానలో చిక్కుకున్న రాత్రి గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. అప్పుడు కృష్ణుడు అడిగాడు, నాకేం తెచ్చావని. కుచేలుడు తల దించుకున్నాడు. ఆ రాజమందిరంలో ఆ అటుకులు బయటికి తియ్యడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు. కృష్ణుడే లాక్కున్నాడు. ఒక గుప్పెడు తిన్నాడు. రెండో గుప్పెడు తీస్తుంటే రుక్మిణి చెయ్యి పట్టుకుంది.

ఆ రాత్రి కుచేలుడు అక్కడే పడుకున్నాడు. పొద్దున్నే బయల్దేరాడు. కృష్ణుడు కొంతదూరం సాగనంపాడు. చేతిలో ఏమీ పెట్టలేదు. కుచేలుడూ ఏమీ అడగలేదు. దారి పొడుగునా ఆయన ఆలోచన చూడండి. డబ్బిస్తే నేను మదించి తనని మర్చిపోతానని ఇవ్వలేదేమో, ఎంత దయ అనుకున్నాడు. స్నేహితుడి మీద రవ్వంత నిష్టూరం లేదు. ఇంటికొచ్చేసరికి గుడిసె లేదు, మేడ ఉంది. అప్పుడు అర్థమైంది.

కృష్ణుడు అక్కడే సభలో నాలుగు బండ్ల బంగారం ఎక్కించి పంపలేడా? పంపగలడు. ద్వారక అంతా చప్పట్లు కొట్టేది. కానీ అప్పుడు కుచేలుడు ఎవరు? నిన్న స్నేహితుడిగా పక్కన కూర్చున్నవాడు ఇవాళ యాచకుడై వెనుదిరిగేవాడు. కాళ్ళు కడిగించుకున్న చేతులతోనే చెయ్యి చాచాల్సివచ్చేది. అందుకే కృష్ణుడు ఆయన దారిలో ఉండగానే, ఆయన కంటికి కనపడకుండా ఇంటికి ఇచ్చేశాడు. పైగా ముందు తను చెయ్యి కింద పెట్టాడు. అటుకులు అడిగి తీసుకున్నాడు. ఆ రోజు ద్వారకలో పైచెయ్యి కుచేలుడిది.

మేడ చూశాక కుచేలుడి మనసులో మెదిలిన భావం కూడా భాగవతంలో ఉంది. మేఘంలాగా ఎంతో ఇచ్చి, చెప్పకుండా ఇచ్చి, అది తనకి కొంచెమే అనుకుంటాడనీ, స్నేహితుడు తెచ్చిన పిసరంతని మాత్రం ఎంతో అనుకుంటాడనీ. మేఘం పోలిక భలే ఉంటుంది. రైతు పడుకున్నప్పుడు వాన కురిసి వెళ్ళిపోయినా పొద్దున్న చేను తడిసే ఉంటుంది.

మైరాలో కిటికీ బయటి చీకటి, ద్వారక నుంచి తిరిగొచ్చే దారి. రెండు దేశాలు, రెండు మతాలు. ఒకరు భక్తుడు, ఒకరు భగవంతుడు, కాబట్టి ఇద్దర్నీ ఒకటి చెయ్యడం నా ఉద్దేశం కాదు. పుచ్చుకునేవాడి తల వంగకూడదు అన్న పట్టింపు మాత్రం రెండు చోట్లా ఒకటే.

నేలమీద దొరికిన 20 డాలర్లు

ఇవన్నీ పురాణాలు, మన కాలంలో ఎవరు చేస్తారండీ అంటారు. ఒకాయన్ని చెబుతాను. అమెరికాలో కాన్సస్ సిటీ దగ్గర లారీ స్టీవర్ట్ అని ఒక వ్యాపారి ఉండేవాడు. కేబుల్ టీవీ, టెలిఫోన్ వ్యాపారాల్లో సంపాదించాడు. 1979 నుంచి ప్రతి డిసెంబర్లో రోడ్ల వెంట తిరుగుతూ, అవసరంలో ఉన్నవాళ్ళలా కనపడిన వాళ్ళ చేతిలో డాలర్లు పెట్టి, పేరు చెప్పకుండా వెళ్ళిపోయేవాడు. అలా ఇరవై ఆరేళ్ళు. మొత్తం 13 లక్షల డాలర్ల దాకా ఇచ్చాడని లెక్క. ఊరంతా ఆయన్ని సీక్రెట్ శాంటా అనేవారు, ఎవరో మాత్రం తెలియదు. 2006 నవంబర్లో, క్యాన్సర్ ముదిరాక, ఒక పత్రిక ఎలాగూ బయటపెట్టబోతోందని తెలిసి తనే పేరు చెప్పుకున్నాడు. 2007 జనవరిలో చనిపోయాడు.

ఆయనకి ఈ అలవాటు ఎక్కడ మొదలైందో చూడండి. 1971లో ఆయన కుర్రాడు. మిసిసిపీ రాష్ట్రంలో ఇంటింటికీ తిరిగి సరుకులమ్మే పని. కంపెనీ మూతపడింది, జేబులో డబ్బుల్లేవు, కార్లోనే పడుకుంటున్నాడు. ఆకలికి తట్టుకోలేక ఒక చిన్న హోటల్లోకెళ్ళి కడుపునిండా టిఫిన్ తిన్నాడు. బిల్లు వచ్చాక పర్సు పోగొట్టుకున్నట్టు వెతకడం మొదలెట్టాడు. హోటల్ యజమాని చూస్తున్నాడు. ఆయన వచ్చి, ఆ కుర్రాడు కూర్చున్న స్టూలు వెనక్కి వెళ్ళి, నేలమీద నుంచి ఏదో తీసినట్టు వంగి, 20 డాలర్ల నోటు చేతికిచ్చాడు. ఇది నువ్వే పడేసుకుని ఉంటావు అన్నాడు. స్టీవర్ట్ బిల్లు కట్టాడు, కారులో పెట్రోలు పోయించుకున్నాడు, బయల్దేరాడు. దారిలో గానీ తట్టలేదు, ఆ నోటు ఎవరూ పడేసుకున్నది కాదని.

ఈ కథ చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ హోటలాయన "పర్లేదు బాబూ, ఫ్రీగా తిను" అని ఉంటే అది మంచితనమే. ఆయన అంతకన్నా ముందుకెళ్ళాడు. కుర్రాడు ఆడుతున్న అబద్ధాన్ని బయటపెట్టకపోవడమే కాదు, ఆ అబద్ధం నిజమయ్యేలా చేశాడు. పర్సు పోయిందన్నావు, ఇదిగో దొరికింది. ఆ నిమిషంలో అప్పూ లేదు, దానమూ లేదు, ఎవరి డబ్బు వాళ్ళకి చేరింది అంతే. కృష్ణుడు అటుకులు లాక్కోవడం, ఈయన నేలమీదికి వంగడం, నాకు రెండూ ఒకేలా కనపడతాయి. ఇచ్చేవాడు ముందు వంగాడు.

సిగ్గుపడుతూ ఇవ్వమన్నారెందుకు

తైత్తిరీయ ఉపనిషత్తు శిక్షావల్లిలో, చదువు పూర్తయిన శిష్యుడికి గురువు చివరగా కొన్ని మాటలు చెబుతాడు. ఇప్పటి భాషలో స్నాతకోపన్యాసం. అందులో దానం ఎలా ఇవ్వాలో కూడా ఉంటుంది. శ్రద్ధతో ఇవ్వడం గురించి చెబుతాడు, అది మనకి అర్థమవుతుంది. ఆ తర్వాత "హ్రీ" అనే మాట వస్తుంది. హ్రీ అంటే సిగ్గు, బిడియం. ఇచ్చేటప్పుడు సిగ్గుపడాలట!

పుచ్చుకునేవాడు సిగ్గుపడటం లోకంలో ఉన్నదే. గురువు ఆ సిగ్గుని తీసి ఇచ్చేవాడి మీద పెట్టాడు. నేనివ్వగలిగింది ఇంతేనా అని బిడియపడు, నాకు ఉండి ఇతనికి లేకపోవడంలో నా గొప్పేముందని బిడియపడు. నాకు అర్థమైనంతవరకు దీని భావం ఇది. సిగ్గు మన దగ్గరుంటే అవతలివాళ్ళ దగ్గర ఉండదు. నికొలస్ చీకట్లో పరిగెత్తింది ఈ హ్రీ వల్లే అనిపిస్తుంది. దొంగతనం చేసినవాడిలాగా పరిగెత్తాడు మరి. కుడిచేత్తో ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని మన ఇళ్ళల్లో అంటుంటారు కదా, మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు చెప్పిన బోధ కూడా ఇదే. అంటే మన గొప్ప మనకే తెలియకూడదని.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కఠోపనిషత్తు మొదట్లో ఉంది. నచికేతుడి తండ్రి యాగం చేసి ఉన్నదంతా దానం ఇస్తున్నాడు. ఇస్తున్న ఆవులేమో పళ్ళూడి, గడ్డి తినలేక, పాలు ఇంకిపోయినవి. లెక్కకి దానమే. పుచ్చుకున్న బ్రాహ్మడికి ఆ ఆవుల్ని మేపడమే భారం. చిన్నపిల్లవాడు అది చూసి తట్టుకోలేక, మరి నన్నెవరికిస్తావు నాన్నా అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. తండ్రికి సిగ్గేసి ఉండాల్సింది, కోపం వచ్చింది. నిన్ను యముడికిస్తాను అన్నాడు. డిసెంబర్లో అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో "డొనేషన్ డ్రైవ్" అని మెసేజ్ వస్తుంది. జిప్పు పోయిన జీన్సులు, ఒంటి చెప్పులు, ముక్కలు లేని పజిల్ డబ్బాలు సంచుల్లో కుక్కి కింద సెక్యూరిటీ దగ్గర పెడతాం. అలమర ఖాళీ అయిందని హాయిగా ఉంటుంది. నచికేతుడు మన ఇంట్లో ఉంటే ఆ సంచి విప్పి చూసేవాడు.

ఈ డిసెంబర్లో

సరే, మనం చెయ్యగలిగింది మాట్లాడుకుందాం. ఆఫీసు చీటీలో ఎవరి పేరొచ్చినా, మీరు ఆ మనిషిని ఒక వారం గమనించండి. టీ తాగే కప్పు పగిలి ఉండొచ్చు, మెడనొప్పి అంటుండొచ్చు, కన్నడ నుంచి తెలుగు నేర్చుకుంటూ ఉండొచ్చు. 500లతో పెద్దగా కొనలేం గానీ, "నన్నెవరో చూశారు" అనిపించేది కొనొచ్చు. ఆట చివర్లో ఎవరిచ్చారో చెప్పేసే ఆనవాయితీ ఉంటుంది. మీ వంతు వచ్చినప్పుడు చెప్పకుండా ఉండగలరేమో చూడండి. చాలా కష్టం. నాలిక చివర దాకా వస్తుంది. ఆ దురద ఎంత ఉందో చూసుకోవడమే మంచి సాధన.

ఆ చీటీ లేని వాళ్ళు ఇంకొందరున్నారు. హౌస్‌కీపింగ్ అక్క, రాత్రి షిఫ్టు వాచ్‌మన్, క్యాబ్ అన్న. లక్కీడ్రాలో వాళ్ళ పేర్లుండవు. తిరిగి ఇవ్వలేని వాళ్ళకి ఇవ్వమని గీత చెప్పింది ఇలాంటి చోటే పనికొస్తుంది. వాచ్‌మన్ కూతురు ఇంటర్ చదువుతుంటే, పరీక్ష ఫీజు ఎప్పుడో కనుక్కుని కాలేజీలో కట్టేసి రావచ్చు. కానీ మీరు కట్టారని ఆయనకి తెలిస్తే రేపటినుంచి మీ కారు తలుపు తియ్యడానికి పరిగెత్తుకొస్తాడు, అది మీకూ బాగోదు, ఆయనకీ బాగోదు. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి అసోసియేషన్ తరఫున అని ఇవ్వచ్చు. చేతిలో పెట్టాల్సివస్తే రెండు చేతులతో ఇవ్వండి, పేరు పెట్టి పిలవండి, కూర్చోబెట్టండి. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి.

అన్నిసార్లూ దాక్కోవడం కుదరదు, ఆ మాటా ఒప్పుకోవాలి. నికొలసే మూడోసారి దొరికిపోయాడు. ఇంట్లో చెల్లెలి ఫీజు కడితే తెలుస్తుంది, అమ్మ ఆపరేషన్‌కి డబ్బు పంపితే తెలుస్తుంది. తెలిసినప్పుడు చెయ్యాల్సింది, దాన్ని మళ్ళీ ఎత్తకపోవడం. "నేను ఆరోజు కట్టకపోయుంటే" అని ఒక్కసారి అన్నామంటే, ఎప్పుడో ఇచ్చింది ఆ పూట అప్పుగా మారిపోతుంది, వడ్డీతో సహా.

ఇక పుచ్చుకోవడం. మన తరానికి ఇవ్వడం కంటే ఇదే కష్టంగా ఉంది. ఎవరైనా ఏదైనా ఇస్తే వెంటనే "అయ్యో ఎందుకండీ" అని, పొద్దున్నకల్లా అంతకి రెట్టింపుది ఆర్డర్ పెట్టేస్తాం. బాకీ ఉండకూడదని. కుచేలుడు మేడ చూసి ద్వారకకి తిరిగెళ్ళి లెక్క అప్పజెప్పలేదు. ఉంచుకున్నాడు. మునుపటిలాగే ఉండి, కృష్ణుణ్ణి తలుచుకుంటూ బతికాడు. స్టీవర్ట్ ఆ 20 డాలర్లు మర్నాడు మనియార్డర్ చెయ్యలేదు. దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, 1999లో, ఆ హోటలాయన్ని వెతుక్కుంటూ వెళ్ళి 10,000 డాలర్లు చేతిలో పెట్టాడు. ఈలోగా ఆ నోటు ఎంతమంది చేతుల్లోకి వెళ్ళిందో ఆ హోటలాయనకి అప్పటిదాకా తెలియదు.